శంఖానికి పెట్టిన బొట్టు

దసరా నాడు పొద్దున్నే అవ్వ అన్న సంచి సర్దింది. ఖాకీ గుడ్డతో కుట్టిన పెద్ద సంచి. రెండు ధోవతులు, మూడు అంగీలు, తువ్వాల, వెల్లుల్లి కారం పొట్లం, అద్దం, దువ్వెన. చివరికి మా బాపు కంబళి. కంబళి పట్టలేదు. అవ్వ అన్నీ బయటికి తీసి, కంబళిని అడుగున పరిచి, మళ్లీ మొదటినుంచి పెట్టింది.

“నాందేడ్ల సలి ఎక్కువుంటదట,” అంది.

“ఎవలు జెప్పిన్రవ్వా?” అన్నాడు అన్న, గడప మీద కూచుని వేపపుల్ల నములుతూ.

“ఒకలు జెప్పాల్నా? ఇల్లు ఇడిసిపోతే యాడైనా సలే.”

అన్న నవ్వాడు. నేను నవ్వలేదు. అన్న పేరు దేవన్న, నా పేరు గంగమణి. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం; అవ్వ పేరు అంజవ్వ. బోధన్‌లో చెరుకు బండ్లు పోయే బాట పక్కన మా ఇల్లు. అది 1956వ సంవత్సరం.

నిజానికి అన్న ఆ రోజు ఎక్కడికీ పోవడం లేదు. అతను నడుపుకుపోవలసిన కారు ఇంకా మా వాకిట్లో ఇటుకల మీదే నిలబడి ఉంది. కాని విజయదశమిని మించిన మంచి పొద్దు మళ్లీ దొరకదని అవ్వ పట్టుబట్టింది. మంచి ఘడియలో మనిషి కదలలేకపోతే అతని సంచిని కదిలిస్తారు. పోయే దిక్కున ఎవరింట్లోనైనా పెట్టి వస్తారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. తరువాత అతను ఎప్పుడు కదిలినా ఆ మంచి ఘడియలో కదిలినట్టే. అయితే బయట పెట్టిన సంచి మళ్లీ ఇంట్లోకి రాకూడదు.

మా బాపు బొంబాయి మిల్లులకు పోయేటప్పుడు ఇవేవీ చూడలేదు. రెండేళ్ల తరువాత ఎవరో ఒకాయన ఆ కంబళిని తెచ్చి మా గడప మీద పెట్టి, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అప్పటినుంచి అవ్వకు సంచి అంటే భయం, సర్దకుండా ఉండటమంటే ఇంకా భయం.

పోయేవాడు తన సంచి తానే మోయకూడదని అవ్వ దాన్ని నా నెత్తిన పెట్టింది. అన్న ఖాళీ చేతులతో నా పక్కన నడిచాడు. సాలూర బాటలో ఊరి చివరన తారాబాయి ఇల్లు. అక్కడే పెట్టాలి. దారికి రెండు పక్కలా చెరుకు పూతకు వచ్చింది. తెల్లటి పూత మంచులా కదులుతోంది. గాలి ఎటు వీస్తే పొలమంతా అటు ఒరుగుతోంది. దసరా నాడు చూస్తే శుభమనే పాలపిట్ట కనిపిస్తుందేమోనని పిల్లలు తంతి తీగల వైపు చూస్తూ పరుగెత్తుతున్నారు. నా నెత్తిమీద బాపు కంబళి బరువు, పక్కన అన్న చెప్పుల చప్పుడు. తారాబాయి ఇంటి వసారాలో సంచి దించి తిరిగి వస్తుంటే నాకు ఒళ్లు తేలిపోయినట్టయింది. అన్న నా పక్కనే ఉన్నాడు, చెరుకు గడ విరిచి నములుతున్నాడు. కాని లెక్క ప్రకారం అతను వెళ్లిపోయాడు. నేను ఎవరితో నడుస్తున్నాను?

తారాబాయి మరాఠీ ఆమె. భర్త పెద్ద చెరుకు రైతు. ఆయన బతికి ఉండగా హైదరాబాదులో ఒక జాగీర్దారు దగ్గర పాత అమెరికా కారు కొన్నాడు. మా అన్న చిన్నప్పుడు ఆ కారు తుడిచేవాడు. తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చాడు, విప్పడం నేర్చాడు. ఆయన పోయాక కారు బండ్ల కొట్టంలో పడింది. సీట్ల కింద కోళ్లు పొదిగాయి. అన్న మాత్రం వారానికి ఒకసారి పోయి చూసి వచ్చేవాడు, చుట్టాన్ని పలకరించినట్టు.

ఆ ఏడాది రాష్ట్రాలు విడిపోతున్నాయి. నవంబరు మొదటి తేదీ నుంచి మేము ఆంధ్రప్రదేశ్‌లో, నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో. తారాబాయి పుట్టిల్లు నాందేడ్. ఆమెకు పిల్లలు లేరు. భూమిని పాలుకు ఇచ్చి తమ్ముడి దగ్గరికి పోయి ఉందామనుకుంది. వానలు వెనకబట్టాక ఒక రోజు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

“అరే దేవన్నా, మా మాలక్ నన్ను ఎప్పుడు యాడికి తీస్కపోయినా గా మోటర్లనే తీస్కపోయిండు. ఈ ఊరు ఇడిసేటప్పుడు రైలు డబ్బల మూట లెక్క కూసోని పోవుడు నాతోని గాదు. నడిపిస్తవా?”

“నడుస్తది బాయి. ఒక్క శంఖం బాగుచేస్తే నడుస్తది.”

“నడిస్తే నువ్వే తోలాలె. ఆడ మా తమ్మునికి మోటర్ల షెడ్డున్నది, మిస్త్రీ లేడు. నువ్వే మిస్త్రీగ ఉండిపో. నడవలేదనుకో, పాతినుము కొనెటోనికి ఇచ్చేస్త. నేను ఏడ్సుకుంట రైలెక్కుత.”

మిస్త్రీ అన్న మాట వినగానే అన్న మొహం మారింది. అప్పటిదాకా అతను సీజనులో చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్లు దించేవాడు, మిగతా రోజుల్లో ఎవరి పంపు చెడిపోతే వారి పంపు దగ్గర కనిపించేవాడు. దేవన్నా అని పిలిచేవారే గాని మిస్త్రీ అని ఎవరూ పిలవలేదు. నాకు మాత్రం ఒక్కటే అర్థమైంది. కారు నడిస్తే అన్న పోతాడు. నడవకపోతే ఉంటాడు. ఆ తరువాత అన్నం తింటున్నా, బీడీలు చుడుతున్నా నా మనసులో అదే తిరిగింది.

ఎద్దులు కారును మా వాకిట్లోకి లాక్కొచ్చాయి. మంగలి కొమురయ్య చూసి, “దేవన్నా, మోటరుకు పెట్రోలు పోస్తరని ఇన్న గని గడ్డేస్తరని ఇప్పుడే సూసిన,” అన్నాడు.

శంఖం అంటే ఇంజను మీద ఉండే ఒక డొల్ల. అచ్చం శంఖంలాగే చుట్టలు తిరిగి ఉంటుంది. అందుకే అన్న దానికి ఆ పేరు పెట్టాడు. లోపల అరచేయంత చక్రం, చక్రం నిండా వంపు తిరిగిన రేకులు. ఇంజను ఒక్క చుట్టు తిరిగేసరికి అది ఐదారు చుట్లు తిరిగి గాలినీ పెట్రోలు ఆవిరినీ ఇంజనులోకి ఊదుతుంది. ఇంజను పీల్చేదంతా ఆ శంఖం గుండానే పోవాలి, వేరే దారి లేదు. కారు మంచి వేగం మీద ఉన్నప్పుడు శంఖం సన్నగా ఈల వేసేదట. ఎక్కడో దూరాన ఎవరో పిలిచినట్టు ఉండేదట. ఇప్పుడు చక్రపు ఇరుసును పట్టుకునే కంచు బుషులు అరిగి కోడిగుడ్డులా సాగిపోయాయి. ఇరుసు అటూ ఇటూ ఊగుతోంది.

ఆ రోజుల్లో నేను కారు వెనక సీట్లో కూచుని బీడీలు చుట్టేదాన్ని. తోలు సీటు చినిగి పీచు బయటికి వచ్చినా మెత్తగా ఉండేది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ముందు అద్దంలోంచి చూస్తే బానెట్ కింద వంగిన అన్న వీపు. మధ్యాహ్నం ఎండకు కారులో పాత తోలు వాసన, నూనె వాసన, కోళ్ల వాసన కలిసి నిద్ర కమ్మేది. సగం నిద్రలో కారు కదిలేది. చప్పుడు లేకుండా చెరుకు పూతలోంచి పోయేది. ముందు సీట్లో బాపు ఉండేవాడు. మెడ తిప్పి నన్ను చూసేవాడు కాదు. మెలకువ వస్తే చేతిలో సగం చుట్టిన బీడీ, వాకిట్లో కోడిపుంజు.

విప్పిన సామాన్లన్నీ అన్న పాత పేపర్ల మీద పరిచేవాడు. బోల్టులు తీసినప్పుడల్లా వాటి కింది అక్షరాలు బయటపడేవి. నేను కూడబలుక్కుని చదివేదాన్ని. కొత్త రాష్ట్రం, కొత్త సరిహద్దు, ఏ తాలూకా ఎటు పోతుంది. నడుమ ఒక నూనె మరక. ఆ మరక కింద ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

బుషులు మాత్రం నిజామాబాద్‌లో లేతు మిషను ఉన్న దుకాణంలో చేయించుకొచ్చాడు. ఒక జత పోతే ఇంకో జత ఉంటుందని రెండు జతలు. మిగతా పనంతా వాకిట్లోనే. ఇరుసును బుషులో దూర్చి నన్ను పిలిచేవాడు.

“గంగా, నీవి బీడీలు సుట్టే వేళ్లు. వట్టి సూడు. ఆడుతున్నదా?”

నేను కళ్లు మూసుకుని పట్టుకునేదాన్ని. “ఆడుతున్నది. ఎంటికంత.” ఒక వెంట్రుకంత సందు, అంతే.

“ఎంటికంత ఆడాలె. నూనెకు జాగ గావాలె గద. ఎక్కువ లేదు గద?”

“లేదు.”

లేదు అన్నప్పుడల్లా అన్నను నేనే ఒక అడుగు ముందుకు తోస్తున్నట్టు ఉండేది.

చివరిది చక్రాన్ని తూచడం. అంత వేగంగా తిరిగే చక్రం ఒక పక్క గింజంత బరువెక్కువున్నా మొత్తం ఊగిపోయి బుషులను తినేస్తుందని అన్న చెప్పాడు. దానికి కొమురయ్య దగ్గర రెండు గడ్డం కత్తులు అడిగి తెచ్చాడు.

“మా తాత కాడికెల్లి గీ కత్తులు మొగోళ్ల గడ్డాలే గీకినయి,” అని కొమురయ్య వెంట వచ్చాడు. “మీ శంఖానికి మీసాలు గిట్ల వచ్చినయా ఏంది?”

“కూసోని సూడు కొమురయ్యా, మాట్లాడకు. నీ ఊపిరికి చక్రం కదులుతది.”

“అగో! మనిషికి గడ్డం జేస్తే ఆడు కదల్తడు, నేను మాట్లాడ్త. గీడ నేను మాట్లాడొద్దట, అది కదల్తదట!”

రెండు కత్తులనూ ఒక చెక్కలో అంచు పైకి ఉండేలా సమంగా బిగించి, నీళ్ల పళ్లెం పెట్టి చదును చూశాడు. ఇరుసు రెండు కొసలనూ కత్తుల అంచు మీద ఆనించి వదిలాడు. చక్రం తనంతట తాను మెల్లగా తిరిగి, ఒక వైపు కిందికి తెచ్చుకుని ఆగింది. ఆ కింది వైపే బరువు. అక్కడ ఆకురాయితో రెండుసార్లు రాకి, మళ్లీ పెట్టి, మళ్లీ వదిలాడు. పొద్దు వాలేదాకా అదే. ఊపిరి బిగబట్టి చూసి చూసి నాకు వాకిలి కూడా మెల్లగా తిరుగుతున్నట్టు అనిపించింది. చివరికి చక్రాన్ని ఎలా పెడితే అలాగే ఆగింది. ఏ పక్కకూ పోలేదు. ఉండమంటే ఉంది. మనుషులు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను.

అన్న దాన్ని ఉతికిన గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు. “అవ్వా, రేపు దసరా. సామాన్లకు నీ ఇష్టమున్నట్టు పూజ జేసుకో. గీ చక్రాన్ని మాత్రం ముట్టకు,” అన్నాడు.

అది దసరా ముందు రోజు. మరునాడే మేము సంచి మోసుకుపోయింది.

తిరిగి వచ్చేసరికి అవ్వ పూజ ముగించింది. సుత్తికి బొట్టు, ఆకురాయికి బొట్టు, పానాలకు వరసగా బొట్లు, నా బీడీ కత్తెరకు బొట్టు, కారు రెండు లైట్లకు రెండు పెద్ద బొట్లు. కారు కళ్లు తెరిచి ఎవరినో చూస్తున్నట్టుంది. టైర్ల ముందు నిమ్మకాయలు.

“చక్రానికి పెట్టలే గద?” అన్నాడు అన్న.

“నువ్వు వద్దంటివి గద,” అంది అవ్వ, పొయ్యిలోకి చూస్తూ.

అన్న గుడ్డ విప్పి, చక్రాన్ని అంచులు పట్టుకుని ఎత్తి, ఇరుసుకు నూనె రాసి, శంఖంలోకి దించాడు. రేకులు పైకి, వీపు కిందికి. పై మూత బిగించాడు. మధ్యాహ్నం దాటేసరికి అన్ని గొట్టాలూ కలిశాయి. జమ్మికి పోయేవాళ్లంతా కొత్త బట్టలతో మా వాకిట్లో ఆగారు. తారాబాయి కూడా వచ్చింది. కొమురయ్య హ్యాండిల్ తిప్పాడు. మూడోసారికి ఇంజను దగ్గి, తుమ్మి, అంటుకుంది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

“అగ బాయి!” అంది తారాబాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అన్న మెల్లగా వేగం పెంచాడు. సన్నటి ఈల మొదలైంది. నేను పుట్టాక వినని చప్పుడు అది. బావిలోంచి పిల్లనగ్రోవి వినబడినట్టు. అయిపోయింది, అన్న పోయాడు అనుకున్నాను.

ఇంకొంచెం వేగం పెంచాడు. ఈల వణికింది. తరువాత బొంగురుపోయింది. బానెట్ రేకు గజగజలాడింది. ఈల కాస్తా రాయి మీద ఇనుము గీసినట్టు అరుపయింది. అన్న దూకి ఇంజను ఆపేసరికి శంఖం మూతుల్లోంచి పొగ. కాలిన కంచు వాసన, దాని వెనక కాగిన బెల్లం వాసన. బెల్లం వాసన మా ఊళ్లో ఎప్పుడూ ఉండేదే కనక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

“శంఖం ఊదుతవంటే వస్తిమి దేవన్నా, మేకపిల్లను గోసినట్టాయె,” అన్నాడు ఎవరో. నవ్వులు. మెల్లగా అందరూ జమ్మికి పోయారు. తారాబాయి కారు తలుపు మీద చేయి వేసి నిమిరి, “ఉండనియ్ రే. మా మాలక్ తోనే పోయింది అనుకుంట. ఇనుపాయనకు చెప్పి పంపుత,” అని వెళ్లిపోయింది.

అన్న మళ్లీ విప్పాడు. కొత్త బుషులు గంట మూతిలా విచ్చుకున్నాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు. జమ్మికి పోలేదు. చేతుల్లో జమ్మి ఆకు బంగారం పెట్టి అలయ్ బలయ్ చేసుకోవడానికి వచ్చినవాళ్లతో మాట్లాడలేదు.

మరునాడు కత్తులు కొమురయ్యకు ఇచ్చి వచ్చాడు. పానాలన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పడేశాడు. ఇంకో జత బుషులు ఉన్నాయి కద అని నేను అనలేదు. అతనే అన్నాడు.

“ఇంకో జత ఏసినా గంతే గంగా. నేను తూచిన గద. సమంగున్నదని నా కండ్లతో సూసిన గద. గా సూపే తప్పు. చెయ్యి తప్పు. మోటరు పని నా నుంచి గాదు. సీజను మొదలైతే చెరుకు దించుత.”

నాకు సంతోషం కలగాలి. అన్న ఉంటున్నాడు. కాని ఆ ఇంట్లో అన్న ఉన్నట్టు లేదు. బట్టలన్నీ సంచిలో, సంచి తారాబాయి వసారాలో. తెచ్చుకుందామంటే అవ్వ ఒప్పుకోదు.

“వెనక్కి తెస్తే పాణం మీదికొస్తది. కట్టుకున్న ధోవతే పిండి కట్టుకో.”

ఉతికిన ధోవతి ఆరేదాకా అన్న అవ్వ దుప్పటి చుట్టుకుని గోడ పక్కన కూచునేవాడు. వాకిట్లో బానెట్ తెరిచిన కారు, గోడ దగ్గర దుప్పటి చుట్టుకున్న అన్న. ఇద్దరూ ఏదో పెద్ద జ్వరం నుంచి లేచిన వాళ్లలా ఉండేవారు. అవ్వ ఇద్దరి చుట్టూ తిరిగేది. ఏదో అడగబోయి ఆగేది. మాటిమాటికీ శంఖం వైపు చూసి కొంగుతో మొహం తుడుచుకునేది.

ఇనుపాయన మరునాడు బండి తెస్తానని కబురు పెట్టాడు. ఆ చక్రం ఒక్కటి నేను దాచుకుందామనుకున్నాను. అది ఉండమంటే ఉన్న చక్రం. బేసినులో కిరసనాయిలు పోసి, పాత పేపరు పరిచి, చక్రాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నపు ఎండ. రేకుల్లోంచి నల్లటి నూనె కారి తెల్లటి లోహం బయటికి వచ్చింది. వీపు వైపు తిప్పాను. ఒక మూల నల్లగా, గట్టిగా, బొటనవేలి ముద్రంత ఏదో అంటుకుని ఉంది. తుడిస్తే పోలేదు. గోటితో గీరాను. నలుపు కింద పసుపు. ఆ పసుపు నడుమ చిన్న ఎర్రటి చుక్క. కిరసనాయిలు వాసనలోంచి కూడా పసుపు వాసన తెలిసింది. పసుపు, మాడిన బెల్లం.

నేను తలెత్తి చూశాను. అవ్వ పొయ్యి దగ్గర నుంచి నన్నే చూస్తోంది.

చెట్టు మీది కాకి నోరు తెరిచింది గాని అరుపు వినబడలేదు. చక్రం నా చేతిలో ఎంతో తేలికగా ఉంది. బొట్టును ఇంకాసేపు నానబెట్టి తుడిస్తే అది బేసినులో కలిసిపోతుంది. రేపు బండి వస్తుంది, కారు పోతుంది, అన్న ఉంటాడు. అటు చూశాను. అన్న దుప్పటిలోంచి రెండు చేతులూ బయటికి తీసి, ఎండలో పెట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ చేతులు ఎవరివో అన్నట్టు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

“అన్నా,” అన్నాను. “ఇగో, సూడు. నీ చెయ్యి తప్పు గాదు.”

అన్న వచ్చి చూశాడు. గోటితో తనూ గీరాడు. నాలుక కొసకు పెట్టుకుని రుచి చూశాడు. తరువాత అవ్వ వైపు తిరిగాడు.

“అవ్వా.”

“ముట్టకంటివి గని, బొట్టు పెట్టకు అనకపోతివి,” అంది అవ్వ.

“అవ్వా!”

“మొకం మీద పెడితే నువ్వు తుడిసేస్తవని ఈపుకు పెట్టిన. దేవునికి కనబడితే సాలు గద, నీకెందుకు? గిరగిర తిరిగేదాయె, రాలిపోతదని ఇంత బెల్లం కలిపిన.” ఆమె పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. “మీ బాపుకు ఏం పెట్టకనే పంపితి. నువ్వు మంచిగ పోయి మల్లా మంచిగ రావాలని పెట్టిన బిడ్డా. బొట్టు పెడితే ఎవలికన్న చెడ్డయితదా?”

అన్న బయటికి పోయి కొమురయ్య ఇంటి నుంచి కత్తులు మళ్లీ తెచ్చాడు. వెనకాలే కొమురయ్య, “అటో ఇటో చెప్పరాదే, నా కత్తులు మీ ఇంటి కోడండ్లయినయా ఏంది!” అని అరుస్తూ వచ్చాడు. అన్న చక్రం వీపును బాగా గీకి, కడిగి, కత్తుల మీద పెట్టి వదిలాడు. చక్రం కదలలేదు. పావు చుట్టు తిప్పి పెట్టాడు. కదలలేదు. సగం చుట్టు తిప్పాడు. కదలలేదు.

“ఇప్పుడు నువ్వు పెట్టినంత బొట్టు మల్లా పెట్టు,” అన్నాడు.

అవ్వ వేలితో పసుపు బెల్లం కలిపి ఒక బొట్టు పెట్టింది. అన్న చేయి తీశాడు. చక్రం ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెల్లగా, ఎంతో మర్యాదగా తిరిగి, బొట్టును కిందికి తెచ్చుకుని నిలిచింది. మళ్లీ పైకి తిప్పి వదిలాడు. మళ్లీ బొట్టు కిందికే వచ్చింది.

అవ్వ నోరు తెరుచుకుని చూసింది. “అయ్యో! మీ బాపు అంత మనిషి పోతే పొద్దు పొడుసుడు ఆగలే, వంగుడు ఆగలే. గింత పసుపుకు చక్రం బోర్ల వడ్డదా?”

అన్న నవ్వాడు. దసరా తరువాత అదే మొదటి నవ్వు. దుప్పటి జారిపోతుంటే పట్టుకుంటూ నవ్వాడు. కొమురయ్య నవ్వాడు. చివరికి అవ్వ కూడా కొంగులోంచి నవ్వింది. నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు వచ్చాయి, నవ్వుకే అనుకున్నారు.

అటక మీది గోనెసంచి కిందికి దిగింది. రెండో జత బుషులు బయటికి వచ్చాయి. ఇనుపాయన బండి వస్తే కొమురయ్య ఎదురుపోయి, “మోటరుకు పాణమొచ్చింది, పాతినుము గావాలంటే నా డొక్కు సైకిలున్నది, తీస్కపో,” అని తిప్పి పంపాడు. అన్న నా వేళ్లను పిలిచాడు. “ఎంటికంత,” అన్నాను నేను. అంతకంటే ఎక్కువ ఆడటం లేదు. చక్రం లోపలికి దిగింది. మూత బిగించేముందు అన్న దాని వీపును దీపం పెట్టి మరీ చూశాడు. మూత బిగించాక అవ్వను పిలిచాడు.

“ఇప్పుడు శంఖం మీద పెట్టు. తిరిగేది లోపల, ఇది తిరుగదు. ఎంత పెద్దగనన్న పెట్టు.”

అవ్వ అరచేయంత పెట్టింది.

ఈసారి ఎవరినీ పిలవలేదు. ఉదయం మంచు ఇంకా కరగలేదు. ఇంజను అంటుకుంది. అన్న వేగం పెంచాడు. ఈల లేచింది. సన్నగా, తిన్నగా, మెరిసే దారంలా పైకి పోయింది. వణకలేదు. చెరుకు పొలాల మీద మంచు ఆ చప్పుడుకే కదులుతున్నట్టనిపించింది. సాలూర బాటలో పోయే బండివాళ్లు ఎద్దులను ఆపి చూశారు. ఊరి చివర తన వసారాలో ఉన్న తారాబాయి దాన్ని విని, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా నడిచి వచ్చింది. వాకిట్లో నిలబడి చాలాసేపు విన్నది.

“మిస్త్రీ,” అని పిలిచింది మా అన్నను.

పోయే రోజు ఆదివారం. తారాబాయి వాకిట్లోనే ఆమె సామాన్లు, దసరా నుంచి అక్కడున్న అన్న సంచి కారు వెనక కట్టారు. నాలుగు రోజుల ముందే సీట్ల కింది కోళ్లను అవ్వే వెళ్లగొట్టింది గాని, ఒకటి ఎలా దూరిందో దూరింది. దాన్ని లాగుతుంటే కొమురయ్య, “ఉండనియ్యుండ్రి, నాందేడ్ కోళ్లకు తెలుగు నేర్పుతది,” అన్నాడు. అవ్వ అన్న నుదుటి మీద బొట్టు పెట్టింది. ఇది తిరిగేది కాదు గద అని అడిగింది. అన్న వంగి కాళ్లు మొక్కాడు.

ఊరి బయటిదాకా నేనూ ఎక్కాను. అదే వెనక సీటు, తారాబాయి పక్కన. ఈసారి కారు నిజంగానే కదులుతోంది, చెరుకు నిజంగానే వెనక్కి పోతోంది. ముందు అన్న వీపు. ఒకసారి మెడ తిప్పి చూశాడు.

“ఏందే, బెదురుతున్నవా?”

“లేదు.”

“హోలీకి వస్త. నీకు తొమ్మిది గజాల నౌవారి చీర తెస్త.”

“నాకు కట్టుకొనుడు రాదు.”

“తారాబాయి నేర్పుతది పో!”

పొలాలు మొదలైన చోట దిగాను. కారు పోయింది. ముందు దుమ్ము, తరువాత చెరుకు, ఆ తరువాత ఈల ఒక్కటే. ఈల ఎక్కడ ఆగిపోయిందో చెప్పలేను. చాలాసేపు వినబడుతూనే ఉందనుకుని నిలబడ్డాను. తరువాత అది నా చెవుల్లోదని తెలిసింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను.

మా అన్న దేవన్న తిరిగి రాలేదు. 1957 ఫిబ్రవరిలో, హోలీకి నెల ముందు, నాందేడ్‌లో జ్వరం వచ్చి చనిపోయాడు.